పక్క సీటు ఖాళీ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లలు పైలట్ కోర్సు వైపు చూస్తున్నారు. ఇంట్లో ఫీజు గురించి అడుగుతారు, ఉద్యోగం గురించి అడుగుతారు. శిక్షణ విమానాలు ఎందుకు కూలుతాయో అడిగేవాళ్లు తక్కువ.

అనంతపురం నుంచి కృష్ణగిరి పోయే 42వ నంబరు జాతీయ రహదారి మీద మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఒకదాని తర్వాత ఒకటి తగులుతాయి. ఈ మూడు ఊళ్ల మధ్య టమాటా లారీలు, పాల ట్యాంకర్లు, గ్రానైట్ దిమ్మెల ట్రైలర్లు ఎన్నైనా కనబడతాయి. విమానం దిగే జాగా మాత్రం లేదు. ఎక్కాలంటే ఇటు దేవనహళ్లికి పోవాలి, లేదంటే అటు రేణిగుంటకు. అలాంటి చోట ఇంటర్ ఎంపీసీ పాసైన పిల్లాడో పిల్లో "పైలట్ కోర్సు చేస్తా" అంటే ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాత తండ్రి అడిగేవి రెండే.

"ఎంతవతాది నాయినా?"

"చదివినాక ఉద్యోగం వస్తాదా?"

మొదటిదానికి జవాబు అందరికీ తెలిసిందే. నలభై యాభై లక్షల దగ్గర మొదలై, ఎయిర్‌లైన్‌లో చేరేలోపు ఇంకా పైకి పాకుతుంది. పొలం అమ్మినా, బ్యాంకు అప్పు తెచ్చినా ఒక తరం సంపాదన అందులో పోయాల్సిందే. రెండోదానికి జవాబు పేపర్లే చెబుతున్నాయి. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలకు, అదే ఏడు జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. వాటిని నడపడానికి మనుషులు కావాలి.

మూడో ప్రశ్న తల్లిది. అది వంటింట్లోంచి వస్తుంది. "ఆ చిన్న విమానాలు పడిపోతా ఉంటాయంట గదా?" కొడుకు "అట్లాంటివి యాడో ఒకటి లేమ్మా" అంటాడు. మాట అక్కడితో ఆగిపోతుంది.

ఆగకూడని మాట అది. ఆమె అడిగింది అమాయకపు ప్రశ్న కాదు, దానికి జవాబు లేకపోనూ లేదు. ఈ దేశంలో ప్రతి ఏడూ శిక్షణ విమానాలు ఎక్కడో ఒకచోట కూలుతూనే ఉన్నాయి. కూలిన ప్రతిసారీ "అనుభవం లేని విద్యార్థి" అని ఒక ముక్క రాసి ఊరుకుంటున్నాం. విద్యార్థికి అనుభవం ఉండదు. అందుకే గదా స్కూలుకు పోయింది. అనుభవం లేని మనిషిని ఆ రోజు, ఆ వాతావరణంలో, ఆ విమానంలో పంపాలని నిర్ణయించింది ఎవరు? ఏం చూసి నిర్ణయించారు? అసలు సంగతి అక్కడుంది.

జక్కూరులో లేచి జీకేవీకేలో పడి

మావైపు నలభై దాటినవాళ్లకు చిన్న విమానం అనగానే సౌందర్య గుర్తొస్తుంది. పుంగనూరుకు ఇరుగూపొరుగూ అనదగ్గ ములబాగిలు ప్రాంతపు అమ్మాయి. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారం కోసం కరీంనగర్ వెళ్లడానికి బెంగళూరు శివార్లలోని జక్కూరులో సెస్నా 180 ఎక్కింది. అన్న అమరనాథ్, బీజేపీ కార్యకర్త ఒకరు, పైలట్, మొత్తం నలుగురు. విమానం లేచింది. వంద అడుగుల పైచిలుకు ఎత్తుకు వెళ్లిందో లేదో పక్కకు ఒరిగి, దగ్గర్లోని జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో కూలి తగలబడింది. ఎవరూ మిగల్లేదు.

ఆ విమానం నడిపింది విద్యార్థి కాదు. అయినా ఆ ప్రమాదాన్ని ఇక్కడ తలచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మన కుప్పం, మదనపల్లె పిల్లలకు రోడ్డు దూరంలో ఉన్న పాత శిక్షణ కేంద్రం జక్కూరే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పెట్టిన ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూలు అక్కడుంది. రెండో కారణం ఆ వంద అడుగులు. జెట్ విమానం ముప్పై అయిదు వేల అడుగుల మీద ఉండగా ఏదైనా తేడా వస్తే పైలట్‌కు ఆలోచించుకోవడానికి నిమిషాలుంటాయి. చిన్న విమానం రన్‌వే వదిలిన క్షణాల్లో తడబడితే ఉండేది ఊపిరి పీల్చుకునేంత సమయమే. అప్పుడే ఇంజిన్ ఆగితే విద్యార్థులకు మొదటి పాఠంలోనే చెప్పేది ఒకటుంది: వెనక్కి తిరగొద్దు, ఎదురుగా ఉన్న పొలమో మైదానమో చూసి దిగు. చెప్పడం తేలికే. వెనకాల నున్నటి రన్‌వే ఉండగా ఎదురుగా ఉన్న రాళ్ల చేలోకి విమానాన్ని దించడానికి మనసు ఒప్పుకోదు. వెనక్కి తిరుగుతారు. ఆ మలుపులోనే వేగం చచ్చి విమానం పడిపోతుంది. ప్రపంచమంతా ఇన్‌స్ట్రక్టర్లు దీన్ని అసాధ్యమైన మలుపు అంటారు. ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు, అయినా అందులో జనం పోతూనే ఉన్నారు.

రెండు ఊళ్ల పొలాల్లో

తెలుగు నేల మీద ఫ్లయింగ్ స్కూళ్ల విద్యార్థి పైలట్ల ప్రమాదాల్లో ఇటీవలివి, బాగా నమోదైనవి రెండు. రెండూ తెలంగాణలోనే జరిగాయి.

2019 అక్టోబరు 6, ఆదివారం. బేగంపేట నుంచి లేచిన ఒక అకాడమీ సెస్నా 172 వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ దగ్గర చేలల్లో కూలింది. అందులో ఉన్న ఇద్దరూ శిక్షణ పొందుతున్నవాళ్లే. ఇద్దరూ చనిపోయారు. నైరుతి ఇంకా పూర్తిగా వెనక్కి పోని రోజులవి. ఆ పూట అక్కడ వాన, ఉరుములు అని అప్పటి వార్తలు చెప్పాయి.

2022 ఫిబ్రవరి 26, శనివారం. నాగార్జునసాగర్ కుడివైపు, విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి ఒక శిక్షణార్థి ఒంటరిగా సెస్నా 152లో లేచింది. నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో ఆ విమానం పడింది. పనుల్లో ఉన్న రైతులు పెద్ద చప్పుడు విని పరిగెత్తారు. అప్పటికే ప్రాణం పోయింది. తమిళనాడు నుంచి చదువుకోవడానికి వచ్చిన యువతి. ఆ పొద్దున మన చానెళ్లు ముందు హెలికాప్టర్ కూలిందన్నాయి, ఇద్దరు చనిపోయారన్నాయి. మధ్యాహ్నానికి దిద్దుకున్నాయి. కరెంటు తీగలకు తగిలిందన్న మాటా చక్కర్లు కొట్టింది. విమానం కూలిన గంటలోపే కారణం చెప్పేయడం మనకు అలవాటైపోయింది.

మిగతా చోట్లా ఇదే తంతు. 2023 మార్చిలో మధ్యప్రదేశ్ బాలాఘాట్‌లో, 2024 ఆగస్టులో జంషెడ్‌పూర్ దగ్గర చాండిల్ జలాశయంలో కూలిన శిక్షణ విమానాల్లో విద్యార్థితో పాటు ఇన్‌స్ట్రక్టరూ ఉన్నారు. నలుగురూ పోయారు. 2023 డిసెంబరు 4న మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర వైమానిక దళం శిక్షణ విమానం పిలాటస్ కూలి గురువు, శిష్యుడు కలిసే మరణించారు. 2025 ఏప్రిల్ 22న గుజరాత్ అమ్రేలీలో ఒంటరిగా ఎగిరిన విద్యార్థి ఇళ్ల మధ్యకొచ్చి పడ్డాడు. పక్క సీట్లో గురువుంటే చాలు అనుకోవడానికి లేదని ఈ వరస చెబుతోంది. సుల్తాన్‌పూర్ దానికి ఇంకో ముక్క కలుపుతుంది. ఇద్దరు విద్యార్థుల్ని పక్కపక్కన కూర్చోబెడితే అనుభవం రెండింతలు కాదు. ధైర్యం మాత్రం రెండింతలు కావచ్చు.

నాగార్జునసాగర్ దగ్గర పడిన సెస్నా 152 గురించి ఒక మాట చెప్పాలి. రెండు సీట్లు, 110 హార్స్‌పవర్ ఇంజిన్. మనిషితో, ఇంధనంతో కలిపి 757 కిలోలు దాటకూడదు. ఎన్నో దేశాల్లో పైలట్లకు అక్షరాభ్యాసం చేయించిన బండి అది. దాని తయారీ 1985లోనే ఆగిపోయింది. అంటే ఈ రోజు మన దేశంలో ఎగిరే ఏ 152 అయినా దాన్ని నడిపే పిల్లల కన్నా వయసులో పెద్దది. పాతదైతే ప్రమాదమని కాదు. ప్రతి 50 గంటలకు, 100 గంటలకు చేయాల్సిన తనిఖీలు నిజంగా చేస్తే నలభై ఏళ్ల సెస్నా కొత్తదానంత నమ్మకంగా ఎగురుతుంది. ఆ "నిజంగా" అన్న మాట స్కూలును బట్టి ఉంటుంది. 2023 అక్టోబరులో మహారాష్ట్ర బారామతిలో ఒకే అకాడమీ విమానాలు నాలుగు రోజుల్లోపే రెండు పడితే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆ అకాడమీ శిక్షణను ఆపించింది. అంతకుముందు కొన్ని నెలల్లోనే దాని విమానాలకు మరికొన్ని సంఘటనలు జరిగాయి.

ఆరేడు నిమిషాలు

సుమారు పదిహేను గంటలు గురువుతో ఎగిరాక ఒక పొద్దున అది జరుగుతుంది. రన్‌వే చివర విమానం ఆపమంటాడు ఇన్‌స్ట్రక్టర్. బెల్టు విప్పుకుంటాడు. "ఒక సర్క్యూట్ కొట్టి రా" అని దిగి, తలుపు గట్టిగా వేసి నడిచి వెళ్లిపోతాడు. తొలి సోలో అంటే ఇదే. ఏ రోజని ముందుగా చెప్పరు. చెబితే రాత్రి నిద్రపోరని.

ఎగిరాక విద్యార్థికి మొదట తెలిసొచ్చేది విమానం తేలికైందని. పక్కన డెబ్బై ఎనభై కిలోల మనిషి లేడు. రన్‌వేను తొందరగా వదిలేస్తుంది, గబగబా పైకి పోతుంది. వెయ్యి అడుగుల ఎత్తులో రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రంలా ఒక చుట్టు. నాలుగు మలుపులు, మళ్లీ కింద. మొత్తం ఆరేడు నిమిషాలు. దిగాక తోటివాళ్లు బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తారు. ఆ తడి యూనిఫాం ఫోటో వాళ్ల ఇళ్లలో పెళ్లి ఫోటోల పక్కన వేలాడుతుంది.

ఆ నాలుగు మలుపుల్లో ఆఖరిది చెడ్డది. రన్‌వేకు ఎదురుగా రావడానికి తిరిగే మలుపు అది. అక్కడికొచ్చేసరికి ఎత్తు అయిదు వందల అడుగులో, అంతకన్నా తక్కువో ఉంటుంది. వేగం తగ్గించేసి ఉంటారు. వెనకనుంచి గాలి తోసిందనుకోండి, మలుపు ఆలస్యమై రన్‌వే పక్కకు జారిపోతుంది. విద్యార్థి కంగారుగా విమానాన్ని ఇంకాస్త వంచుతాడు. వంగేకొద్దీ ముక్కు కిందికి దిగుతుంది, కంట్రోలు వెనక్కి లాగుతాడు.

ఇక్కడ లెక్క చూడాలి. సెస్నా 152 రెక్కలు సమంగా ఉన్నప్పుడు, ఫ్లాప్స్ వేయకుండా, సుమారు 48 నాట్ల వేగం దాకా గాలి మీద నిలబడుతుంది. అంతకు తగ్గితే స్టాల్. అంటే రెక్క మీద గాలి చెదిరిపోయి, మోయడం మానేస్తుంది. అదే విమానాన్ని ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీలు వంచి తిప్పితే ఆ హద్దు 57కు పెరుగుతుంది. 60 డిగ్రీలు వంచితే 41 శాతం పెరిగి దాదాపు 68 అవుతుంది. విద్యార్థి వస్తున్నది అరవై నాట్ల దగ్గర. మామూలుగా పన్నెండు నాట్ల వెసులుబాటు ఉన్నచోట మూడే మిగిలాయి. అతను చేసింది చిన్న పొరపాటు. చేతిని రెండు అంగుళాలు వెనక్కి లాగాడు, అంతే. దానికి తోడు కాలితో రడ్డర్ కూడా అటే తొక్కితే ఒక రెక్క ముందు జారి విమానం సుడి తిరుగుతుంది. ఒక్క చుట్టు స్పిన్‌లోంచి బయటపడటానికి ఈ విమానానికి వెయ్యి అడుగులు కావాలి. అతని కింద ఉన్నవి అయిదు వందలు.

ఈ సంగతి ఏ విద్యార్థికీ తెలియనిది కాదు. పరీక్షలో అడిగితే పేజీలు రాస్తాడు. స్టాల్ వచ్చేముందు కంట్రోలు చేతిలో మెత్తబడటం, హారన్ సన్నగా మొదలవడం, సీటు కింద వణుకు, వీటిని పుస్తకంలో చదవడం వేరు, ఆ క్షణంలో ఒంటికి తెలియడం వేరు. సైకిల్ మీద పడబోతున్నప్పుడు కాలు దానంతటదే కిందికి ఆనుతుంది చూడండి, చెయ్యి అలా దానంతటదే ముందుకు పోవాలి. అది ఎన్నిసార్లు చేయిస్తే వస్తుందో ఇన్‌స్ట్రక్టర్‌కే తెలియాలి. పదిహేను గంటలు అన్నది ఒక అంకె. కొందరికి పన్నెండులో వస్తుంది, కొందరికి ముప్పై కావాలి. ముప్పై గంటల పిల్లను పదిహేనుకే పంపే స్కూలూ, పన్నెండుకే వచ్చేసినవాణ్ని బిల్లు కోసం కూర్చోబెట్టే స్కూలూ, రెండూ ఉన్నాయి.

సర్క్యూట్‌లో మనం ఒక్కరమే ఉండం. 2025 జులై 8న కెనడాలోని స్టైన్‌బాక్‌లో ఇద్దరు విద్యార్థులు, ఒకరు సెస్నా 172లో, ఇంకొకరు 152లో, ఒకే రన్‌వే దగ్గర దిగడం సాధన చేస్తూ గాలిలో గుద్దుకున్నారు. అందులో ఒకరు కేరళ నుంచి వెళ్లిన కుర్రాడు. ఇద్దరూ మరణించారు. అక్కడ కంట్రోల్ టవర్ లేదు. ఎవరి కళ్లు వాళ్లకు కాపలా. విదేశాల్లో ఆకాశం దానంతటదే సురక్షితం అని నమ్మి, ఇంకో పది లక్షలు అప్పు చేసే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకుని పంపడం మంచిది.

చిత్రంగా అనిపించినా, పూర్తిగా కొత్త విద్యార్థి అంత ప్రమాదంలో ఉండడు. అతని మీద పది కళ్లుంటాయి. ఎండ, గాలి, మబ్బు అన్నీ చూసి పంపుతారు. భయం అతన్ని కాపాడుతుంది. అమెరికాలో పాల్ క్రెయిగ్ అనే ఇన్‌స్ట్రక్టర్ పాత ప్రమాదాల రికార్డులు తిరగేసి 50 నుంచి 350 గంటల మధ్య పైలట్లు ఎక్కువగా చనిపోతున్నారని 2001లో రాశాడు. ఆ హద్దులు అంత కచ్చితం కావని, ఇంకా సాగవచ్చని తర్వాతి పరిశోధకులు అన్నారు. హద్దు ఎక్కడైనా కావచ్చు, వరస మాత్రం ఊహించదగిందే. కొంచెం వచ్చింది, ఎవరూ చూడటం లేదు, వాతావరణం "ఫర్వాలేదులే" అనిపించింది.

178 సెకన్లు

ఆ "ఫర్వాలేదులే"కు ఖరీదు కట్టిన ప్రయోగం ఒకటుంది. 1954లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో, మీటర్లు చూసి నడపడం రాని ఇరవై మంది పైలట్లకు బయట ఏమీ కనబడకుండా చేసి విమానం నడపమన్నారు. ఇరవై మందీ అదుపు తప్పారు. ఒకరికి ఇరవై సెకన్లే పట్టింది, ఇంకొకరు ఎనిమిది నిమిషాలు నిలబడ్డారు. సగటు 178 సెకన్లు. మూడు నిమిషాలకు రెండు సెకన్లు తక్కువ.

కారణం మన చెవిలో ఉంది. లోపలి చెవిలోని ద్రవం ఒంటి వంపును చెబుతుంది గానీ, మెల్లగా మొదలై అలాగే సాగే మలుపును పట్టుకోలేదు. మబ్బులో విమానం నెమ్మదిగా ఎడమకు వంగుతూ ఉంటే ఒళ్లు "నిటారుగానే ఉన్నాం" అంటుంది. మీటరు చూసి సరిచేస్తే అప్పుడు "కుడికి పడిపోతున్నాం" అంటుంది. ఒంటి మాట అబద్ధం, మీటరు మాట నిజం అని నమ్మడానికి శిక్షణ కావాలి. జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ 1999 జులైలో భార్యతో, వదినతో కలిసి రాత్రివేళ సముద్రంలో పడిపోయింది ఇలాగే. అతనికి సుమారు 300 గంటల అనుభవం ఉంది. మబ్బు కూడా అక్కర్లేకపోయింది. పొగమంచు, చీకటి చాలాయి.

మదనపల్లెలో చలికాలం పొద్దున హార్సిలీ కొండ కనబడని రోజులు ఎవరికి తెలియవు? ఈశాన్య రుతుపవనాల్లో పుంగనూరు కొండల మీద మబ్బు కూర్చుంటే రెండు రోజులు లేవదు. రోడ్డు మీద పోయేవాళ్లకు హెడ్‌లైట్లు వేసుకుంటే పని జరిగిపోతుంది. ఆ మబ్బులో దూరిన సెస్నాకు మాత్రం కొండ ఎటుందో తెలియదు.

హార్సిలీ కొండ కన్నా ఎత్తున

కుప్పానికి విమానాశ్రయం వస్తుందన్న మాట మళ్లీ వినబడుతోంది. 2019 జనవరిలో చంద్రబాబు నాయుడు ఎయిర్‌స్ట్రిప్‌కు శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారింది, పని ఆగింది. 2024లో ఆయన తిరిగొచ్చాక ఫైలు కదిలింది. విమానాశ్రయం వచ్చిన చిన్న ఊళ్లన్నిటికీ షెడ్యూల్డ్ సర్వీసులు రావు. ఖాళీగా ఉన్న రన్‌వే మీదకు మొదట వచ్చేది తరచూ ఫ్లయింగ్ స్కూలే. అందుకే ఈ లెక్క ఇప్పుడే వేసుకోవడం మంచిది.

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 2,280 అడుగుల ఎత్తున ఉంది. పుంగనూరు, కుప్పం కూడా రెండు వేల అడుగుల పైమాటే. చల్లటి ఊళ్లని మనకు గర్వం. కానీ ఏప్రిల్ మధ్యాహ్నం 38 డిగ్రీలు మనకూ తప్పదు. ఎత్తు పెరిగినా, వేడి పెరిగినా గాలి పలచబడుతుంది. పలచటి గాలిలో ఇంజిన్‌కు బలం తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు పట్టు తగ్గుతుంది, రెక్కకు మోత తగ్గుతుంది. 2,200 అడుగుల ఎత్తున 38 డిగ్రీల ఎండలో గాలి ఎంత పలచగా ఉంటుందో లెక్కవేస్తే, మామూలు రోజున 5,500 అడుగుల మీద ఉండే గాలితో సమానం అవుతుంది. హార్సిలీ కొండ శిఖరం నాలుగు వేల చిల్లర అడుగులు. అంటే రన్‌వే కుప్పంలోనే ఉన్నా, విమానం లెక్కలో అది హార్సిలీ కొండ కన్నా వెయ్యి అడుగులకు పైగా ఎత్తున ఉన్నట్టే.

చిన్న విమానాలవాళ్లు వాడే మోటు లెక్క ఒకటుంది. ప్రతి వెయ్యి అడుగులకు లేవడానికి కావాల్సిన దూరం పది శాతం పెరుగుతుంది, ప్రతి పది డిగ్రీల అదనపు వేడికి ఇంకో పది శాతం. రెండూ కలిపితే సముద్రతీరంలో చల్లటి పొద్దున కావాల్సిన రన్‌వేకు ఇక్కడ వేసవి మధ్యాహ్నం ఒకటిన్నర రెట్లు కావాలి. లేచాక పైకి ఎక్కడమూ మందగిస్తుంది. చుట్టూ గుట్టలు, హైటెన్షన్ లైన్లు ఉన్న చోట ఆ మందకొడి ఎక్కుడే ప్రాణం మీదకు తెస్తుంది. చెన్నైలోనో తీరాన ఇంకెక్కడో నేర్చుకుని వచ్చిన విద్యార్థికి రన్‌వే సగం దాటినా విమానం నేల వదలకపోతే ఏం చేయాలో తెలియదు. ఆపాలా, లాగాలా? తేల్చుకోవడానికి రెండు సెకన్లుంటాయి. మనవైపు స్కూలు పెడితే వేసవిలో పదకొండు దాటాక శిక్షణ ఉండదని బోర్డు మీద రాసిపెట్టాలి. ఇది నా అభిప్రాయమే. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఎగిరేవాళ్లు అయితే దీన్ని కొట్టిపారేయరనే అనుకుంటున్నాను.

గంటల లెక్క

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు మన దేశంలో 200 గంటలు ఎగరాలి. అందులో వంద గంటలు తానే కెప్టెన్‌గా ఉండాలి. రాత్రిపూట అయిదు గంటలు, దూర ప్రయాణాలు, మీటర్ల మీద నడపడం అన్నీ అందులో భాగమే. రెగ్యులేషన్స్, నావిగేషన్, మెటియొరాలజీ పరీక్షల్లో 70 శాతం రావాలి. వయసు 18 నిండాలి.

కాగితం మీద ఇది శుభ్రంగా ఉంటుంది. నేల మీద స్కూలుకు నాలుగు విమానాలుంటే రెండు హ్యాంగర్‌లో విప్పి ఉంటాయి. యాభై మంది పిల్లలకు ఇన్‌స్ట్రక్టర్లు చాలరు. ఉన్నవాళ్లలోనూ కొందరు ఎయిర్‌లైన్ పిలుపు కోసం చూస్తూ గంటలు కూడబెట్టుకుంటున్న కుర్రాళ్లే. వర్షాకాలం మూడు నెలలు పోతుంది. ఏడాదిన్నర కోర్సు మూడేళ్లకు సాగుతుంది. అక్కడ హాస్టల్, మెస్ బిల్లు, ఇక్కడ మదనపల్లెలో బ్యాంకు వడ్డీ. నూట ఎనభై గంటలు దాటిన పిల్లకు మిగతా ఇరవై ఎప్పుడెప్పుడు పూర్తవుతాయా అని ఉంటుంది. ఆకాశంలో ఓ మూల మబ్బు పట్టింది. షెడ్యూల్‌లో తన పేరుంది. ఈ రోజు వదులుకుంటే మళ్లీ పది రోజులకు గానీ విమానం దొరకదు. ఆ పొద్దున ఆమె ఎగరాలా వద్దా అన్నది వాతావరణ శాస్త్రం ఒక్కటే తేల్చే సంగతి కాదు. వడ్డీ కూడా అందులో చెయ్యి పెడుతుంది.

ఎగరకుండానే ఎగిరినట్టు లాగ్‌బుక్‌లో గంటలు రాసేవాళ్లున్న సంగతి 2011లో నకిలీ లైసెన్సుల వ్యవహారంతో దేశమంతటికీ తెలిసింది. పైలట్ల లోకంలో వాటిని పార్కర్ పెన్ గంటలు అని ఎకసెక్కం చేస్తారు. అలాంటి గంటలు కొన్నవాడికి ఆఖరి మలుపులో చెయ్యి దానంతటదే ముందుకు పోదు. ఎందుకంటే ఆ మలుపు అతను ఎప్పుడూ తిరగలేదు.

డీజీసీఏ 2025లో తొలిసారి దేశంలోని ఫ్లయింగ్ స్కూళ్లకు గ్రేడ్లు ఇచ్చింది. 35 స్కూళ్లు. ఏ ప్లస్ కాదు గదా, ఏ గ్రేడు కూడా ఒక్కదానికీ రాలేదు. 13 బీలో, 22 సీలో పడ్డాయి. మన పిల్లల ఇంటర్ కాలేజీకి సీ గ్రేడంటే ఊరంతా చెప్పుకునేవాళ్లం. యాభై లక్షల ఫీజు కట్టే స్కూలు గ్రేడు ఎంతమంది తల్లిదండ్రులు చూశారు?

చూడడానికి కష్టపడక్కర్లేదు. ఆ జాబితా బహిరంగమే. ప్రమాదాల దర్యాప్తు చేసే ఏఏఐబీ 2012 నుంచి పనిచేస్తోంది. దాని నివేదికలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవొచ్చు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆ దర్యాప్తు ఎవరినీ శిక్షించడానికి కాదు, మళ్లీ జరగకుండా చూడడానికి. అందుకే అందులో రాసేది కోర్టు తీర్పులా ఉండదు. ఏ రోజు విమానం ఎన్ని గంటలకు లేచింది, ఇన్‌స్ట్రక్టర్ ఎక్కడున్నాడు, వాతావరణం ఎవరు చూశారు, ఆ విమానానికి చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది, విద్యార్థి అంతకుముందు స్టాల్ ఎన్నిసార్లు సాధన చేశాడు అని వరసగా ఉంటుంది. చేరబోయే స్కూలు పేరు అక్కడ వెతికి, ఆ స్కూలు విమానాల నివేదికలు రెండు చదివితే చాలు. బ్రోషర్‌లో కనబడనివి కనబడతాయి.

స్కూలు గుమ్మం దాకా వెళ్లిన తండ్రి ఇంకొన్ని అడగొచ్చు. ఒక ఇన్‌స్ట్రక్టర్ కింద ఎంతమంది? ఈ రోజు ఎగరగల స్థితిలో ఉన్న విమానాలెన్ని, హ్యాంగర్‌లో ఉన్నవెన్ని? సోలో పంపేముందు ఇంకో ఇన్‌స్ట్రక్టర్ కూడా చూస్తాడా? వీటికి ఆఫీసులో కూర్చున్నవాళ్లు నవ్వుతూ జవాబులు చెబుతారు. నవ్వు ఆగేది ఆఖరి ప్రశ్న దగ్గర. దాన్ని రాతపూర్వకంగా అడగాలి: "వాతావరణం బాగలేదని మా అబ్బోడు ఎగరనంటే, ఆ రోజు స్లాట్ డబ్బులు ఎవరు పెట్టుకుంటారు సార్? వాడికి మళ్లీ విమానం ఎన్నిరోజులకు ఇస్తారు?"